మిట్టమధ్యాహ్నపు వెన్నెల

మంగళవారం ఉదయం పదిన్నరకి లెడ్‌హామ్ ఊళ్ళోని రీగల్ సినిమాహాల్లో తొమ్మిదిమంది మాత్రమే కూర్చుని ఉన్నారు. ముందురోజు ఆటల వాసన ఇంకా పోలేదు. చల్లారిన సిగరెట్లు, నారింజ తొక్కలు, ఎప్పుడో తడిసి సరిగ్గా ఆరని తివాచీ. బయట జూన్ ఎండ కాస్తోంది. ఊరి జనానికి మొదటి ఆట రెండింటికి. అప్పటిదాకా హాలు సినిమా తీసేవాళ్ళది. ముందురోజు తీసిన ముక్కల్ని రాత్రికి రాత్రే లండన్‌లో కడిగించి, పొద్దుటి రైల్లో తెప్పించుకుని, ఇక్కడ వేసి చూసుకుంటారు. వాటిని రషెస్ అంటారు.

మావిస్ ట్రెంచర్డ్ ఎప్పటిలాగే మూడో వరుస చివరి కుర్చీలో కూర్చుంది. ఒళ్ళో అట్ట, అట్ట మీద కాగితాలు, చేతిలో సన్నగా చెక్కిన పెన్సిలు. ఆమె పని కంటిన్యుటీ చూడడం. నటుడు గ్లాసు ఏ చేత్తో పట్టుకున్నాడు, కొవ్వొత్తి ఎంతవరకు కాలింది, తలుపు ఓరగా ఉందా బార్లా ఉందా, ఫ్రేములో ఎంతమంది ఉన్నారు... అన్నీ చూసి రాసుకోవాలి. ఈరోజు తీసిన ముక్కని పదిరోజుల తర్వాత తీసే ముక్కతో కలిపితే అతుకు కనపడకూడదు. నలభై ఆరేళ్ళ మావిస్ ఇరవై ఏళ్ళకు పైగా ఈ పని చేస్తోంది. ఆమె కాగితంలో లేనిది షాట్‌లోనూ ఉండదని స్టూడియోల్లో ఒక మాట ఉంది. ఆమె కూడా అది నమ్మేది.

తెర మీద బొమ్మ కదిలింది. రషెస్‌కి శబ్దం ఉండదు. వెనక గదిలో యంత్రం తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

సినిమా పేరు 'లేడీ ఓరెల్ దీపం'. నలుపు తెలుపు. పాత బంగళా, కొత్తగా చేరిన పంతులమ్మ, కొలను గట్టున ఎవరో దీపం పట్టుకుని తిరుగుతున్నారన్న పుకారు. తెర మీద రాత్రే కానీ, తీసింది సోమవారం మిట్టమధ్యాహ్నం. రాత్రిపూట పని చేయించాలంటే యూనియన్‌తో పేచీ. అందుకని ఎండలోనే తీస్తారు. కెమెరాకి ఎర్రగాజు తగిలించి, వెలుతురు కొంచెం తొక్కిపెడితే నీలాకాశం నల్లబడుతుంది, ఎండ వెన్నెలయిపోతుంది.

"చూడండయ్యా నా చందమామని!" అన్నాడు కెమెరామాన్ ఐవర్ ప్రాబర్ట్. వేల్స్ మనిషి, నోరు ఊరుకోదు. "నిన్న నా నెత్తి మీద తోలు ఊడింది గానీ, వెన్నెల మాత్రం పాలు ఒలకబోసినట్టుంది."

"జుట్టుంటే తోలు ఊడేది కాదు," అన్నాడు అసిస్టెంటు డెనిస్.

అందరూ నవ్వారు. తెర మీద పంతులమ్మ వేషంలో రోసలిండ్ ఏమ్స్ దీపం పట్టుకుని గట్టు వెంట నడుస్తోంది. మావిస్ అలవాటుగా లెక్కపెట్టింది. గట్టు మీద రోసలిండ్... ఒకటి. కొలనుకి అవతల బంగళా. దాని ముందు రాతిమెట్లు. పైమెట్టు మీద, తెల్లటి శాలువాలో...

రెండు.

ఆమె పెన్సిలు ఆగిపోయింది.

"ఎవరా పిల్ల?" అన్నాడు డెనిస్. "మావాళ్ళెవరూ అటు వెళ్ళలేదే."

"మావిస్ తల్లీ, ఈగ వాలినా రాసుకుంటావు కదా!" అన్నాడు ఐవర్. "ఇంత మనిషి నిలబడితే కనపడలేదా?"

"అక్కడ ఎవరూ లేరు. నా కాగితంలో ఒక్కరే ఉన్నారు."

"కాగితానికేం పాపం. ఆ మాట తెరకి చెప్పు."

మళ్ళీ నవ్వులు. మావిస్ చెవులు వేడెక్కాయి. ముందు వరుసలో ఒంటరిగా కూర్చున్న దర్శకుడు హ్యూబర్ట్ కాథోర్న్ మాత్రం నవ్వలేదు. వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి, "ఇంకోసారి వెయ్యండి," అన్నాడు.

రెండోసారి వేశారు. మూడోసారి కూడా. మూడోసారికి ఐవర్ లేచి తెర దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. కాసేపటికి అతని గొంతు మారింది.

"ఆ నీడ చూడండి..."

రోసలిండ్ నీడ ఆమె పాదాల కిందే, ఒలికిన సిరాలాగా ముద్దగా ఉంది. మధ్యాహ్నం పన్నెండింటికి నీడ అలాగే ఉంటుంది. మెట్టు మీద పిల్ల నీడ మాత్రం సన్నగా, పొడుగ్గా, మెట్లకి అడ్డంగా పదిపన్నెండు అడుగులు పాకింది.

"వెలుతురు ఆ ఉత్తరపు చెట్ల వెనకనుంచి, బాగా కిందనుంచి వస్తే గానీ అలా పడదు," అన్నాడు ఐవర్. "సూర్యుడు జన్మలో అటు వెళ్ళడు కదా."

టికెట్ల గదిలో టెలిఫోను మోగింది. లండన్‌లో ఇదే ముక్క వేయించుకుని చూసిన నిర్మాత లాస్కో, కాథోర్న్‌ని పిలుస్తున్నాడు. తలుపు తీసే ఉంది. అవతలి గొంతు హాల్లోకి వినిపించేంత గట్టిగా ఉంది.

"హ్యూబర్ట్! నాలుగు వారాలుగా నువ్వు పంపుతున్నది చూస్తే నిద్ర వచ్చేది. ఈరోజు నా చేతుల మీద రోమాలు లేచాయయ్యా! ఆ మెట్టు మీద పిల్ల ఎవరోగానీ, నాకు ఆ మొహం దగ్గర్నుంచి కావాలి. శుక్రవారంలోగా. అది వస్తే సినిమా నీది, ఆ తర్వాత మూడు సినిమాలు నీవి. రాలేదా... శనివారం బంగళా ఖాళీ చేసి ఇంటికెళ్ళు. దీన్ని ఇంకెవరిచేతనైనా గంటకి కత్తిరించి, పెద్ద సినిమా ముందు తోకలా వేసుకుంటాను."

కాథోర్న్ ఫోను పెట్టేసి కోటు సర్దుకున్నాడు. అతనికి యాభైఎనిమిదేళ్ళు. యుద్ధానికి ముందు తీసిన ఒక్క సినిమాతో, 'బ్లాక్‌మియర్ అక్కచెల్లెళ్ళు'తో, దేశమంతా పేరు మోగింది. తర్వాత యుద్ధం వచ్చింది. బంగాళాదుంపలు ఎలా పండించాలో ప్రభుత్వానికి సినిమాలు తీసిపెట్టాడు. ఆ తర్వాత సబ్బుల ప్రకటనలు. ఆ తర్వాత, మామగారు బురదలో పడే రకం చవక హాస్యాలు. ఈ దెయ్యం సినిమా కూడా ముగ్గురు కాదన్నాక అతని దాకా వచ్చింది. మళ్ళీ ఇంకోటి రాదు. ఆ సంగతి అందరికంటే అతనికే బాగా తెలుసు.

*

బంగళాకి తిరిగి వెళ్ళేటప్పుడు మావిస్‌ని తన కారులో ఎక్కించుకున్నాడు. కారు రెండు మైళ్ళు దాటింది. కారులో తోలు సీట్లు ఎండకి కాలి వాసనేస్తున్నాయి.

"పోల్చుకున్నావు," అన్నాడు చివరికి.

"మీరూ పోల్చుకున్నారు."

పందొమ్మిదివందల ముప్ఫై ఆరు, డిసెంబరు. ఇదే బంగళా, ఇవే మెట్లు. అప్పట్లో రాత్రిని రాత్రే తీసేవారు. 'బ్లాక్‌మియర్ అక్కచెల్లెళ్ళు'లో ఆఖరి షాట్. తెల్ల శాలువాలు కప్పుకున్న ఆరుగురు ఆడపిల్లలు మెట్ల మీద నిలబడాలి, కెమెరా కొలనుకి ఇవతల ఉండాలి. కాథోర్న్‌కి అప్పుడూ ఇప్పుడూ ఒకటే పద్ధతి, అరవడు. నటుల దగ్గరికి తనే నడిచి వెళ్ళి, చెవిలో చెబుతాడు. పైమెట్టు మీద పిల్ల చెవిలో చెప్పాడు: 'నేను వచ్చి చెప్పేదాకా కదలకు.' 'కట్' అని దూరంనుంచి వినపడగానే ఎక్స్‌ట్రాలు కదిలిపోతారనీ, ఆ చివరి క్షణం తనకి కావాలనీ అతని పట్టుదల.

ఆ చివరి క్షణం అద్భుతంగా వచ్చింది. అంతలో జనరేటరు పోయి దీపాలు ఆరిపోయాయి. గడ్డి మీద మంచు పేరుకుంటోంది. జనం చీకట్లో తడుముకుంటూ సామాన్లు సర్దుకుని కొలనుకి ఇవతల ఆగిన బస్సెక్కారు. కాథోర్న్ పైమెట్టు దాకా వెళ్ళనే లేదు. ఇరవై రెండేళ్ళ మావిస్‌కి అది మొదటి ఉద్యోగం. బస్సులో తలలు లెక్కపెట్టే పని ఆమెకి అప్పగించారు. తెల్ల శాలువాలు ఆరు ఉండాలి. లెక్కపెట్టింది. ఆరున్నాయి. "అందరూ ఉన్నారు" అంది. బస్సు కదిలింది.

ఆరో శాలువాలో ఉన్నది విగ్గులు సర్దే ముసలమ్మ. చలేసి, పెట్టెలో మిగిలిన శాలువా తీసి కప్పుకుని ముడుచుకు పడుకుంది. షూటింగుల్లో చలిరాత్రుళ్ళు అందరూ చేసే పనే.

పొద్దున్నే తోటమాలి వచ్చేసరికి ఆ పిల్ల పైమెట్టు మీద నిలబడే ఉందట. పక్కకి తీసుకెళ్ళబోతే రాలేదట. ఆసుపత్రిలో మూడోరోజు పోయింది. పేరు డోరీన్ మాచిన్. పందొమ్మిదేళ్ళు. కంపెనీ పూలు పంపింది. బస్సులో లెక్కపెట్టింది ఎవరని విచారణలో అడిగితే, తెలిసి కూడా, కాథోర్న్ గుర్తులేదన్నాడు. అది మావిస్ మరచిపోలేదు. మరచిపోదని అతనికి తెలుసు. అప్పట్నుంచి అతని సినిమాలన్నిటికీ ఆమే కంటిన్యుటీ.

"వెళ్ళి చెప్పండి హ్యూబర్ట్," అంది మావిస్. "ఒక్క మాట. అయిపోయింది, వెళ్ళమ్మా అని."

"చెబుతాను. క్లోజప్ తీశాక."

"ఇప్పుడు చెప్పండి."

"ఇప్పుడు చెబితే వెళ్ళిపోతుంది కదా?" అతను రోడ్డు మీదనుంచి కళ్ళు తిప్పలేదు. "ఇరవైమూడేళ్ళు నిలబడింది మావిస్. ఇంకో మూడు రోజులు నిలబడలేదా?"

*

బుధవారం రషెస్‌లో ఆ పిల్ల మళ్ళీ ఉంది. మెట్టు దిగలేదు. అంగుళం కూడా కదల్లేదు. కానీ మావిస్‌కి చూడగానే తెలిసింది. సోమవారం ఆమె తల కొలను వైపు ఉంది. ఇప్పుడు కొంచెం... ఇటు తిరిగింది. మావిస్ రాసుకుంది: 'తల, కుడికి, పావువంతు.' రాశాక తనేం రాసిందో చూసుకుని పెన్సిలు కింద పెట్టేసింది.

గురువారం సగం తిరిగింది.

జనంలో రకరకాల మాటలు. ఎవరో పిల్లని కాథోర్న్ రహస్యంగా తెచ్చి దాచాడనీ, మనల్ని భయపెట్టి ఆ భయాన్ని కెమెరాలో పట్టుకుందామని చూస్తున్నాడనీ డెనిస్ వాదన. "గురూగారి పాత ఎత్తులే ఇవి. ఆ పిల్లకి భోజనం ఎవరు పట్టుకెళ్తున్నారో కనిపెట్టండి, గుట్టు బయటపడుతుంది," అన్నాడు. రెండురోజులు వంటబండి దగ్గర కాపలా కాశాడు కూడా. ఎవరూ ఎక్కడికీ భోజనం పట్టుకెళ్ళలేదు. రోసలిండ్ మాత్రం గట్టు మీద నడవాల్సి వచ్చినప్పుడల్లా లోపల ఉన్ని చొక్కా తొడుక్కుంటోంది. బయట ఎండకి తారు కరుగుతోంది.

ఐవర్ గురువారం మధ్యాహ్నం నుంచి జోకులు మానేశాడు.

మావిస్‌కి కూర్చుంటే నిలబడాలనిపించేది. నిలబడితే తిరగాలనిపించేది. తిరుగుతూ తిరుగుతూ మెట్ల వైపు నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చేసేది. కంటికి అక్కడేమీ లేదు. వేడెక్కిన రాయి, పగుళ్ళలో గడ్డి, తేనెటీగలు. అంతే.

*

శుక్రవారం. పన్నెండుకి అయిదు నిమిషాలు.

కాథోర్న్ కెమెరాని పైమెట్టుకి పదడుగుల దూరంలో పెట్టించాడు. మెట్టు మీద ఎవరూ లేరు. ఎవరినీ నిలబెట్టలేదు కూడా.

"గురూగారూ, ఎవర్ని తీస్తున్నాం?" అన్నాడు డెనిస్.

"నువ్వు క్లాప్‌బోర్డు కొట్టి పక్కకి జరుగు."

డెనిస్ ఖాళీ మెట్టు ముందు బోర్డు కొట్టి, భుజాలెగరేస్తూ జరిగాడు. ఐవర్ మెడలో నల్లతాడుకి ఒక గాజుబిళ్ళ వేలాడుతుంటుంది. ముదురు రంగు గాజు. దాన్ని కంటికి పెట్టుకుంటే లోకంలో రంగులన్నీ అణిగిపోయి, తెర మీద ఎలా కనపడుతుందో ముందే తెలుస్తుంది. కెమెరామాన్లందరికీ ఉంటుంది. ఐవర్ దాన్ని కంటికి పెట్టుకుని మెట్టు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తాడు తలమీదుగా తీసి మావిస్ చేతిలో పెట్టాడు.

మావిస్ గాజుబిళ్ళ కంటికి పెట్టుకుంది.

రాత్రి.

మెట్ల మీద మంచు తెల్లగా పేరుకుంది. ఉత్తరపు చెట్ల వెనక చంద్రుడు దిగిపోతున్నాడు. పైమెట్టు మీద పిల్ల. శాలువా అంచు గడ్డకట్టి అట్టలా నిలబడింది. కాళ్ళకి పల్చటి బూట్లు. తల ముప్పాతికవంతు ఇటు తిరిగి ఉంది. చెంప కనపడుతోంది. కన్ను ఇంకా కనపడలేదు.

మావిస్ గాజు దించింది. ఎండ. తేనెటీగలు. ఖాళీ రాయి.

మళ్ళీ పెట్టుకుంది. పిల్ల.

కాథోర్న్ నడుచుకుంటూ పైమెట్టు దగ్గరికి వెళ్ళాడు. గాజులోంచి చూస్తే అతను వేసవి కోటుతో మంచులో నడుస్తున్నాడు. మెట్టు పక్కన ఆగాడు. అలవాటు ప్రకారం కొంచెం వంగాడు. పెదాలు కదిలాయి. చూస్తున్న జనానికి అతను గాలితో మాట్లాడుతున్నట్టుంది. ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

గాజులో... పిల్ల తల ఊపింది.

అతను వెనక్కి వచ్చి కెమెరా పక్కన, ఎడమవైపు తన చోట్లో నిలబడ్డాడు.

"యాక్షన్," అన్నాడు నెమ్మదిగా.

కెమెరా తిరిగింది. పిల్ల మొహం నెమ్మదిగా ఇటు తిరుగుతోంది. మిగిలిన పావువంతు. నుదురు... కనుబొమ్మ... కన్ను. కోపంగా ఉంటుందని మావిస్ అనుకుంది. లేదు. ఆ మొహంలో కోపం లేదు, ఏడుపు లేదు. పని బాగా చేస్తున్నానా లేదా అని అడుగుతున్న మొహం. మెచ్చుకోలు కోసం చూస్తున్న పందొమ్మిదేళ్ళ మొహం. మీద మంచు. రెప్పల మీద కూడా మంచు. ఆ రెప్పలు వాలడం లేదు.

"కట్ చెప్పండి," అంది మావిస్.

కాథోర్న్ చెప్పలేదు.

"హ్యూబర్ట్. చెప్పండి..."

ఫిలిం అయిపోయేదాకా కెమెరా తిరిగింది. అయిపోయి చక్రం టపటపా కొట్టుకుంది. ఐవర్ దాన్ని ఆపాడు.

"ఇంకోటి వెయ్యండి," అన్నాడు కాథోర్న్. అతని కళ్ళు వెలుగుతున్నాయి. ఇరవై ఏళ్ళలో మావిస్ ఆ వెలుగు చూడలేదు. "ఫిలిం మార్చండి. ఇంకోటి తీద్దాం."

మావిస్ అట్ట పక్కన పడేసి మెట్లెక్కింది. పదడుగులు. ఎండలోనే నడుస్తోంది. మూడో అడుగుకి చేతులు చల్లబడ్డాయి. ఆరో అడుగుకి పళ్ళు కొట్టుకున్నాయి. పైమెట్టు ముందు ఆగింది. కంటికి ఏమీ లేదు. తడిసిన ఉన్ని వాసన. మొహానికి రాసుకునే రంగు వాసన. పాతది.

"అయిపోయిందమ్మా," అంది మావిస్. గుసగుసగానే వచ్చింది మాట. "షాట్ అయిపోయింది. నువ్వు వెళ్ళొచ్చు. ఆ రోజు లెక్క తప్పింది నాదే. నేనే... వెళ్ళమ్మా."

ఏమీ లేదు. తేనెటీగలు కూడా లేవు.

తర్వాత చెవి పక్కనే, మర్యాదగా, సిగ్గుపడుతున్నట్టు...

"ఆయన చెప్పాలండీ."

మావిస్ ఎలా దిగి వచ్చిందో ఆమెకే తెలియదు. కాథోర్న్ కోటు పట్టుకుంది. అంతమంది ముందు, పట్టుకుని గుంజింది.

"వెళ్ళి చెప్పండి! మీకు కావాల్సింది దొరికింది కదా. ఇప్పుడే వెళ్ళండి."

అతను ఆమె చేతిని వదిలించుకుని కోటు సర్దుకున్నాడు. "సరే," అన్నాడు. మెట్టు దాకా వెళ్ళాడు. వంగాడు. ఈసారి చాలాసేపు మాట్లాడాడు. మావిస్ గాజుబిళ్ళ మళ్ళీ కంటికి పెట్టుకుంది.

పిల్ల వింటోంది. విని, మొదటిసారి నవ్వింది. మొదటిసారి మెట్టు దిగింది. ఒక మెట్టు... ఇంకో మెట్టు... అతని వెనకే నడిచి వచ్చింది. గాజు అంచు దాటి కనపడకుండా పోయింది.

మావిస్ గాజు దించింది. మధ్యాహ్నం. ఐవర్ గడ్డి మీద కూలబడి మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. "భోజనాలు!" అని డెనిస్ అరిచాడు.

*

శనివారం సామాన్లు ఎక్కిస్తుండగా మావిస్ అతన్ని కారు దగ్గర పట్టుకుంది.

"వెళ్ళిపోయింది కదా?"

"మెట్టు మీద లేదు."

"ఏం చెప్పారు ఆమెకి?"

కాథోర్న్ చేతితొడుగులు తొడుక్కున్నాడు. జూన్‌లో చేతితొడుగులు. "పని బాగా చేశావన్నాను. నిజమే కదా? తర్వాతి సినిమాలో కూడా వేషం ఉంది, రమ్మన్నాను."

మావిస్ అతని మొహంలోకి చూసింది.

"అలా చూడకు," అన్నాడు. "ఎక్స్‌ట్రాకి ఇంతకంటే మంచి కబురు ఏముంటుంది?"

సెప్టెంబరులో సినిమా విడుదలయింది. ఆ మొహం తెర నిండా వచ్చినప్పుడు లండన్ హాళ్ళలో ఆడవాళ్ళు కేకలు పెట్టారు, మగవాళ్ళు దగ్గారు. పత్రికలన్నీ కాథోర్న్ తిరిగొచ్చాడని రాశాయి. ఆ పిల్ల ఎవరని అడగని పత్రిక లేదు. పేర్ల జాబితాలో 'డోరీన్ మాచిన్' అని మావిస్ టైపు చేసి ఇచ్చింది. కాథోర్న్ దాన్ని కొట్టేశాడు. పేరు తెలిస్తే భయం పోతుందన్నాడు. అది నిజమేనేమో కూడా. పనిలో అతను ఎప్పుడూ తప్పు మాట్లాడలేదు.

లాస్కో మాట నిలబెట్టుకున్నాడు. మూడు సినిమాలకి సంతకాలయ్యాయి. మొదటిది నవంబరులో, లండన్ శివారు స్టూడియోలో. దెయ్యాలూ బంగళాలూ లేని కథ. ఒక గుమాస్తా, అతని భార్య, వాళ్ళ కొత్త ఇల్లు. మావిస్ ఒప్పుకోకూడదనే అనుకుంది. తర్వాత ఒప్పుకుంది. ఎవరో ఒకరు లెక్కపెట్టాలి కదా అనుకుంది.

మొదటిరోజు షాట్ చాలా మామూలుది. ముందుగది. భార్య టీ పోస్తుంది, భర్త పేపరు చదువుతాడు. వాళ్ళ వెనక కిటికీ. కిటికీ అవతల వీధి. వీధంటే బట్ట మీద వేసిన బొమ్మ. ఇళ్ళు, దీపస్తంభం, దూరంగా చర్చి గోపురం. కిటికీకీ ఆ బట్టకీ మధ్య మనిషి పక్కకి తిరిగి నడవడానికి కూడా చాలదు. మావిస్ కొలిపించింది. అడుగు కూడా లేదు. షూటింగంతా, ఐవర్ అప్పుడిచ్చిన గాజుబిళ్ళతో ఆ కిటికీ వైపే చూసింది. ఏమీ లేదు. కాగితంలో రాసుకుంది: 'ఫ్రేములో ఇద్దరు.'

మర్నాడు ఉదయం స్టూడియోలోని చిన్న హాల్లో రషెస్ వేశారు. టీ. పేపరు. భార్యాభర్తలు. ఒకటి, రెండు.

కిటికీ అవతల, బొమ్మ వీధిలో, జనం ఉన్నారు.

దీపస్తంభం దగ్గర కొందరు. ఇళ్ళ ముందు కొందరు. చర్చి గోపురం దాకా, చిన్నగా, ఇంకా చిన్నగా. ముసలివాళ్ళు, పిల్లలు, సైనికుడి దుస్తుల్లో ఒకడు, వంటమనిషి టోపీతో ఒకామె, ఒకే బూటుతో ఒకడు. ఎవరూ కదలడం లేదు. వాళ్ళు లెన్సు వైపు కూడా చూడటం లేదు. అందరి కళ్ళూ లెన్సుకి కొంచెం ఎడమగా, దర్శకుడు నిలబడే చోటికి చూస్తున్నాయి. ఎక్కడైనా పని ఉందంటే ఎక్స్‌ట్రాలు ఒకరికొకరు చెప్పుకుంటారు. ఆ సంగతి మావిస్‌కి తెలుసు.

"ఎంతమంది?" అన్నాడు కాథోర్న్ చీకట్లోంచి. గొంతు వణికింది. భయంతో కాదు.

మావిస్ లెక్కపెట్టింది. ముప్ఫై ఒకటి. మళ్ళీ లెక్కపెట్టింది. వాళ్ళలో తెల్ల శాలువా లేదు.

అప్పుడు చూసింది కిటికీ గాజు మీద. మూల అద్దంలో, మనిషి మొహం ఎత్తున, ఆవిరి పడుతోంది. గుండ్రంగా పట్టి, పలచబడి, పోతోంది. మళ్ళీ పడుతోంది. గాజు మీద పడిన చట్రం నీడని ఆ ఆవిరి కప్పేస్తోంది. అంటే ఆవిరి పడుతున్నది వీధి వైపు కాదు.

గది వైపు.